నాలుగో నంబరు బిళ్ల

ఆ తేదీ సత్యారావుకి ఇప్పటికీ గుర్తే. నవంబరు పది, ఆదివారం. ఆ పొద్దున తిన్నది కూడా గుర్తుంది. రెండు రస్కులు, అరగ్లాసు టీ, ఒక ఖర్జూరం. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నోట్లో ఇంకేమీ పడలేదు. ప్రతి ఆదివారం పరుగు అయ్యాక మైదానంలో అందరికీ పెట్టే అటుకుల పోహా ఆ రోజు ఆయనకి దొరకలేదు.

అప్పటికి ఐదు కావస్తోంది. భిలాయి సెక్టర్ 4లో వాళ్ల క్వార్టర్లో వంటింటి దీపం ఒక్కటే వెలుగుతోంది. అల్లుడు మహేశ్ చరోదా యార్డులో గూడ్సు బండి గార్డు. ముందురోజు సాయంత్రం డ్యూటీకి వెళ్లినవాడు ఇంకా రాలేదు. మనవరాలు రాయపూర్ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కూతురు అపర్ణ ప్లాంటు ల్యాబొరేటరీలో పనిచేస్తుంది. ఆమెవీ షిఫ్టులే. ఇంట్లో ఉండేది ముగ్గురే అయినా, ముగ్గురూ ఒక్క వేళకి కంచాల ముందు కూర్చోవడం నెలకి ఒకటి రెండుసార్లు.

ఆఖరి మనిషి ఇల్లు చేరాక వీధి తలుపు గడియ పెట్టే పని సత్యారావుది. ఒకసారి పెడతాడు. మళ్లీ తీసి, గేటు వైపు చూసి, అప్పుడు పెడతాడు. భార్య సత్యలక్ష్మి పోయిన దగ్గర నుంచీ, తొమ్మిదేళ్లుగా ఆయనకి ఈ అలవాటు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

"నాన్నా, నిమ్మకాయ నీళ్లు తాగేవా?" గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు బిగిస్తూ అడిగింది అపర్ణ.

"టీ తాగేను."

"టీ తాగి పది కిలోమీటర్లేటి నాన్నా!"

"నేను చేసేది పరుగు కాదని నువ్వే అంటావు కదా. నడకకి టీ చాలు."

అపర్ణ నవ్వలేదు. "ఈ రోజు పరుగు అయ్యేక కమిటీ మీటింగ్ ఉన్నాది. డిసెంబర్ పదిహేను యాన్యువల్ రన్ గురించి. పెద్దవాళ్లకి మూడు కిలోమీటర్ల నడక పెడుతున్నాం. నీ పేరు అందులో రాసీనా?"

"నా పేరు పదిలోనే ఉండనీ అమ్మా."

"నీకు రెండు గంటలు పడతాది."

"రెండు గంటలకి వస్తన్నాను కదా. రాకుండా ఉండిపోతన్నానా?"

అపర్ణ గేటు తీసుకుని ముందు వెళ్లిపోయింది. ఆమె పది కిలోమీటర్లు యాభై రెండు నిమిషాల్లో పరుగెత్తుతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లోంచి ఒకే చోటికి వెళ్తారు గాని ఎప్పుడూ కలిసి వెళ్లరు.

ఏడేళ్ల కిందట పదకొండు మందితో మొదలైన క్లబ్బు అది. ఇప్పుడు నూట పది మంది ఉన్నారు. అపర్ణ దానికి సెక్రటరీ. ఉక్కు ప్లాంటు మిల్లులో కంట్రోల్ డెస్క్ దగ్గర పనిచేసి రిటైరైన కొత్తలో, ఆదివారాలు ఎలా గడపాలో తెలియక సత్యారావు చేరాడు. చేరిన రోజు ఆఖరున వచ్చాడు. ఏడేళ్లుగా ఆఖరునే వస్తున్నాడు. క్లబ్బు కుర్రాళ్లు ఆయనకీ, ఆయనతో పాటు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని తెల్ల కేడ్స్ బూట్లతో పరుగెత్తే సింహాచలమ్మకీ కలిపి 'మాల్‌గాడీ', అంటే గూడ్సు బండి, అని పేరు పెట్టారు. సింహాచలమ్మ క్యాంప్ 1లో ఉంటుంది. ఒక బడిలో ఆయాగా చేసి రిటైరైంది. ఆ పేరు వింటే కోప్పడేది కాదు. "మాలుగాడీ కూతెయ్యదేటి మరి?" అని నోటితో కూత వేసేది.

మైదానం పంపు గదిలో ఒక చెక్క బోర్డు ఉంటుంది. సత్యారావే పెట్టించాడు. రెండో ఏడు ఒక సభ్యుడు కాలువ గట్టున కాలు మడతపడి గంటన్నర కూర్చుండిపోతే, అందరూ ఇళ్లకి వెళ్లిపోయారు. అతను రాలేదన్న సంగతే ఎవరికీ తెలియలేదు. అప్పుడు సత్యారావుకి ప్లాంటులో పాతకాలపు టోకెన్ బోర్డు గుర్తుకొచ్చింది. స్నేహితుడు తాతబ్బాయి ఫిట్టరు. అతను రేకుతో గుండ్రంగా బిళ్లలు కోసి, ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు వేసి, నంబర్లు రాసి మేకులకి తగిలించాడు. బయల్దేరేవాళ్లు తమ బిళ్లని ఎరుపు వైపు తిప్పి వెళ్లాలి. తిరిగొచ్చి తెలుపు వైపు తిప్పాలి. ఎవరి బిళ్ల వాళ్లే తిప్పాలి. బోర్డు మీద ఒక్క ఎర్ర బిళ్ల ఉన్నా సరే, టైము రాసే మనిషి కుర్చీ వదలకూడదు. ఇంతే నియమం. సత్యారావుది నాలుగో నంబరు.

టైము రాసేది మామూలుగా తాతబ్బాయే. ఆ వారం ఆయనకి కంట్లో శుక్లానికి ఆపరేషన్ అయింది. సింహాచలమ్మ మేనకోడలి పెళ్లికని విజయనగరం వెళ్లింది. పుస్తకం అపర్ణ చూస్తానంది.

అలా ఆ ఆదివారం సత్యారావు ఒంటరిగా బయల్దేరాడు. మొదటి మలుపు దాటేసరికే ముందువాళ్ల వీపులన్నీ మంచులో కలిసిపోయాయి. పక్కన సింహాచలమ్మ మాటలు లేకపోతే తన బూట్ల చప్పుడు తనకే కొత్తగా వినిపించింది. తొమ్మిదో కిలోమీటరు దగ్గర, క్యాంప్ 1 సందు మొదట్లో, కుడి బూటు అడుగు నోరు తెరుచుకుంది. రెండడుగులు ఈడ్చి ఆగిపోయాడు. రోడ్డు ఊడుస్తున్న ముసలామె చూసి చీపురు పక్కన పెట్టింది.

"బైఠ్ బబా," అంది. కూర్చోమని.

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. ఆమె చెత్తబండికి కట్టిన పురికొస విప్పి, వంగి, బూటు చుట్టూ మూడు చుట్లు తిప్పి ముడేసింది. ఆయన చేతులు జోడిస్తే, అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి మళ్లీ చీపురందుకుంది. ఆమె పేరైనా అడగలేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మైదానం చేరేసరికి ఎనిమిదింపావు. రెండు గంటల పదిహేను నిమిషాలు. గేటు దగ్గర ఎవరూ లేరు. టైము రాసే కుర్చీ లేదు. పోహా గిన్నె పెట్టే బల్ల లేదు. కాగితం ప్లేట్ల సంచీని ఒక కుక్క లాగుతోంది.

పంపు గది కటకటాలకి తాళం వేసుంది. లోపల గోడకి బోర్డు కనిపిస్తోంది. ఆయన ఊచలు పట్టుకుని చూశాడు. అన్నీ తెల్లబిళ్లలే. నాలుగో నంబరు కూడా తెల్లగానే ఉంది.

తను రోడ్డు మీద కూర్చుని బూటు కట్టించుకుంటుండగానే ఇక్కడ తను వచ్చేసినట్టు లెక్క. ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి ఆ బిళ్ల మళ్లీ తిప్పాలని చూశాడు. భుజం దాకా దూర్చినా జానెడు అందలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరైనా చూశారేమోనని ఒకసారి చుట్టూ చూసి, ఇంటిదారి పట్టాడు.

అపర్ణ పదకొండు గంటలకి వచ్చింది.

"వచ్చీసేవా నాన్నా? ఎప్పుడొచ్చేవు?"

"నా బిళ్ల ఎవరు తిప్పేరమ్మా?"

అపర్ణ సంచీ సోఫాలో పడేసింది. "నేనే. ఎనిమిదికి ప్రెసిడెంటు గారింట్లో మీటింగ్. కాలనీ మలుపు దాకా వచ్చీసుంటావు అనుకున్నాను. ఏటయింది ఇప్పుడు?"

"నేను క్యాంప్ దగ్గరే ఉన్నాను అప్పటికి."

"ఫోన్ ఉంది కదా జేబులో? ఏదైనా అయితే చేసీవోడివి."

"దార్లో పడిపోయి ఉంటే ఎలా చేస్తాను? బోర్డు చూసినోళ్లు మాత్రం సత్యారావు ఇంటికెళ్లిపోయేడు అనుకుంటారు. ప్లాంటులో ఒకళ్ల టోకెన్ ఇంకొకళ్లు వేస్తే ఛార్జిషీటు ఇచ్చేవోరు."

"ఇది ప్లాంటు కాదు నాన్నా! అదొక రేకు ముక్క. ఒక్క మనిషి కోసం నూట పది మందీ ఎంతసేపు కూర్చుంటారు? సెక్రటరీ తండ్రి కోసం ఆపేరని చెవులు కొరుక్కుంటన్నారు, తెల్సా నీకు? మీటింగ్‌లో తీర్మానం అయిపోయింది. తొంభై నిమిషాలకి బోర్డు మూసీడమే. యాన్యువల్ రన్‌కి కూడా అంతే. నీ పేరు మూడు కిలోమీటర్లలో రాసీసేను."

సత్యారావు కాసేపు కూతురి మొహం చూశాడు. "మంచిదమ్మా," అన్నాడు. పురికొస కట్టిన బూట్లు తెచ్చి అలమార పై అరలో, పాత సూట్‌కేసు వెనక పెట్టేశాడు.

ఆ తర్వాత ఇంట్లో గొడవేం జరగలేదు. అదే కష్టంగా ఉండేది. అపర్ణ డ్యూటీకి వెళ్లేటప్పుడు అన్నం మూతపెట్టి వెళ్లేది. ఆయన తిని, గిన్నె కడిగి బోర్లించేవాడు. సాయంత్రాలు వసారాలో కుర్చీ వేసుకుని, షిఫ్టు దిగి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లని చూసేవాడు. ఎవరైనా "నమస్తే రావు సాబ్" అంటే ఆ మాట కోసమే కూర్చున్నట్టు లేచి నిలబడేవాడు. తర్వాతి ఆదివారం ఐదింటికే మెలకువ వచ్చింది. కూతురు గేటు తీసుకుని వెళ్లిన చప్పుడు విని, కళ్లు మూసుకుని అలాగే పడుకున్నాడు.

మరుసటి ఆదివారం అపర్ణ మైదానం నుంచి వచ్చి స్నానం చేసింది. మహేశ్ పద్నాలుగు గంటల డ్యూటీ దిగి వచ్చి వంటింట్లో పెసరట్టు తింటున్నాడు. అప్పుడు వచ్చింది సింహాచలమ్మ, మైదానం నుంచి తిన్నగా. కేడ్స్ బూట్లు గుమ్మం బయట విప్పి, చంకలోని స్టీలు డబ్బా బల్ల మీద పెట్టింది.

"పెళ్లి సారె. సున్నుండలు. అన్నియ్యా, ఏటి నువ్వు రాడం మానీసినావట? నానొక్కదాన్నే పరిగెట్టినాను ఈయేళ. నా బిళ్ల కోసరం తాతబ్బాయన్న కూకున్నాడు గాని, తొంభై నిమిషాలయిపోనాదని ఎవులో కుర్రోడొచ్చి కుర్చీ లాక్కుపోనాడు. మడిసి కింద కూకుండిపోనాడు, కంటికి నల్లద్దాలెట్టుకోని."

"కూర్చో అత్తా, టీ పెడతాను," అంది అపర్ణ.

"టీ తరవాత. ముందు నాకు సెప్పు. మీ నాన్న బిళ్ల నువ్వు తిప్పీసినావట. నిజమేనా?"

"అత్తా, ఆ సంగతి అయిపోయింది."

"అయిపోనేదు. సెక్టరంతా తెలుసు ఈ మడిసి సంగతి. తరవాత సిఫ్టు రిలీవర్ రాకుండా ఒక్కనాడు కుర్చీ దిగనేదు, ముప్ఫయ్యారేళ్లు! అలాటోడి కోసం ఓ అరగంట కూకోనేకపోనావేటే నువ్వు?"

అపర్ణ చేతిలో టీ గిన్నె గట్టు మీద గట్టిగా పెట్టింది.

"అవును అత్తా. రిలీవర్ రాకుండా దిగని మనిషి! అందరూ ఆ మాటే చెప్తారు. దండ కూడా వేసేరు రిటైర్మెంటు రోజు. అమ్మ పోయిన రోజు కూడా ఈయన కుర్చీ దిగలేదు. ఆ మాట ఎవరూ చెప్పరేం?"

వంటింట్లో మహేశ్ చెయ్యి పెసరట్టు మీద ఆగిపోయింది.

"అపర్ణా," అన్నాడు మెల్లిగా.

"నన్ను చెప్పనీ. తొమ్మిదేళ్లయింది నేను చెప్పక." ఆమె గొంతు పెరగలేదు, సన్నబడింది. "ఒంటి గంటకి మిల్లుకి ఫోన్ చేయించేను. అమ్మకి గుండె నొప్పి, ఆస్పత్రికి తెచ్చేను, నాన్నని పంపండి అని. రెండయింది. మూడయింది. వాన. నేను మంచం పక్కన కూర్చుని తలుపు వైపే చూస్తన్నాను. అమ్మా చూస్తన్నాది. మీ నాన్న వచ్చేరేటే అంటాది. వస్తారమ్మా అంటాను. మళ్లీ అడుగుతాది. ఎన్నిసార్లని చెప్పను?"

సత్యారావు గోడకి ఆనుకున్నాడు. తొమ్మిదేళ్లుగా తను ఎవరితోనూ అననిది ఇప్పుడు అనక తప్పలేదు.

"అడిగితే వదిలీవోరేనమ్మా. ఫోర్‌మన్ మంచోడు. నేనే అడగలేదు. రెండింటికి రిలీవర్ ఎలాగూ వస్తాడు, గంటే కదా, డెస్క్ వదిలి ఎలా వెళ్లడం అనుకున్నాను. అంత పెద్దదని తెలీలేదు నాకు. వానకి దారి మునిగిపోయి అతను మూడు నలభైకి వచ్చేడు. నేను వచ్చీసరికి... నా కోసం గుమ్మం వైపు చూస్తూ పోయింది మీ అమ్మ. నాకు అది తెలుసు. ఏ రాత్రీ మర్చిపోలేదు."

"లేదు," అంది అపర్ణ.

"ఏటి లేదు?"

"అమ్మ అలా పోలేదు నాన్నా." ఆమె రెండు చేతులతో మొహం తుడుచుకుంది. "నాలుగోసారి అడిగింది. నాకు ఇంక చేతకాలేదు. వచ్చీసేరమ్మా, కింద స్కూటర్ పెడుతున్నారు అని చెప్పీసేను. అబద్ధం. అమ్మ తల ఊపింది. జుట్టు చెదిరిపోయి ఉన్నాదని చెయ్యెత్తి ఇలా సర్దుకుంది. కొంగు భుజం మీదకి లాక్కుంది. నువ్వొస్తన్నావని. తర్వాత కళ్లు మూసుకుంది. పది నిమిషాల్లో అయిపోయింది."

సింహాచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"ఆ రోజు కూడా నీ బిళ్ల నేనే తిప్పేను నాన్నా," అంది అపర్ణ. "చచ్చిపోయే మనిషికి అబద్ధం చెప్పేను. ఎవరికీ చెప్పుకోలేకపోయేను. ఇప్పుడు ప్రతి ఆదివారం యాభై నిమిషాల్లో నేను వచ్చీసి, అక్కడ కూర్చుని గేటు వైపు చూడాలి. అందరూ వస్తారు. నువ్వు రావు. ఎర్ర బిళ్ల అలాగే ఉంటాది. వస్తన్నావో లేదో తెలీదు. నేను చూడలేను నాన్నా అలా. నాకు చేత కాదు. అందుకే మూసీమన్నాను. నీ మీద కోపం ఉన్నాది, అది నిజమే. కోపం కన్నా ఇది ఎక్కువ."

సత్యారావు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"జుట్టు సర్దుకుందా?" అని అడిగాడు.

"ఆఁ."

"నేను వచ్చీసేననుకుంది."

"అవును నాన్నా."

అరవయ్యేడేళ్ల మనిషి, కూతురి మోకాలి మీద తల ఆనించి పిల్లవాడిలా ఏడ్చాడు. అపర్ణ ఆ నెరిసిన తల మీద చెయ్యి పెట్టడానికి కొంచెం సందేహించింది. తర్వాత పెట్టింది. పెట్టాక తియ్యలేదు.

"నువ్వు చెప్పింది అబద్ధమే కావచ్చు," అన్నాడు తల ఎత్తి. "అది చెప్పకపోతే మీ అమ్మ ఎలా వెళ్లేదో... నువ్వు చెప్పేవు కాబట్టి సరిపోయింది. ఆ బిళ్ల తిప్పినందుకు నేను నీకు చాలా రుణపడ్డాను తల్లీ. కాని ఇప్పుడు నేను బతికే ఉన్నాను కదా. వస్తాను. లేటుగా వస్తాను. ఇది మాత్రం నన్నే తిప్పనీ."

మహేశ్ చెయ్యి కడుక్కుని వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. బండి వెనక పెట్టెలో ఒక్కడే కూర్చునే ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటు కాబోలు.

"అపర్ణా, నా బండికి యాభై ఎనిమిది వ్యాగన్లు ఉంటాయి. ఇంజన్ స్టేషన్ దాటి వెళ్లిపోయినా స్టేషన్ మాస్టరు లోపలికి పోడు. వానైనా సరే నిలబడే ఉంటాడు. ఆఖరి వ్యాగన్ వెనక ఎల్.వి. బోర్డు, అదే 'లాస్ట్ వెహికల్' అన్న పలక, కళ్లతో చూసేకే లైన్ క్లియర్ ఇస్తాడు. అది చూడకపోతే బండి వచ్చినట్టు కాదు. రాత్రిపూట ఆ ఒక్క మనిషి నా కోసం దీపం పట్టుకుని నిలబడితే నాకెంత ధైర్యమో నీకెప్పుడూ చెప్పలేదు."

"మీ ఆయన సెప్పినాడు సూడు, మాలుగాడీ మాట!" అంది సింహాచలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇంక టీ ఎట్టే. సున్నుండలు తియ్యండి. ఏడిస్తే నాకు ఆకలేస్తాది."

ఆ సాయంత్రం అపర్ణ కమిటీ వాళ్లందరికీ ఫోన్లు చేసింది. గంటన్నర మాట్లాడింది. ఒకరిద్దరితో హిందీలో గట్టిగానే పోట్లాడింది. "తో మై అకేలీ బైఠూంగీ! నేనొక్కదాన్నే కూర్చుంటాను!" అన్న మాట వసారాలోకి వినిపించింది. సత్యారావు సూట్‌కేసు వెనక నుంచి బూట్లు తీశాడు. మర్నాడు వాటికి కొత్త అడుగు వేయించాడు. పురికొస మాత్రం పారెయ్యలేదు. చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

డిసెంబర్ పదిహేను పొద్దున చలి ఎక్కువగా ఉంది. ప్లాంటు పొగగొట్టాల మీద ఆకాశం ఎర్రబడుతుండగా నూట పది మందీ ఒక్కసారి కదిలారు. అయిదు నిమిషాల్లో రోడ్డు మీద ఇద్దరే మిగిలారు.

సింహాచలమ్మ విజయనగరం పెళ్లి కబుర్లన్నీ చెప్పింది. ఎవరికి కోపం వచ్చిందో, ఎవరికి చీర పెట్టడం మరిచారో, ఏ కూరలో ఉప్పు ఎక్కువైందో. ఆరో కిలోమీటరుకి కబుర్లు అయిపోయాయి. ఎనిమిదో కిలోమీటరుకి ఊపిరి కూడా అయిపోవచ్చింది. క్యాంప్ 1 దగ్గర సత్యారావు చీపురు పట్టుకున్న ముసలామె కోసం చూశాడు. ఆదివారమే గాని ఆమె లేదు. ఊడ్చిన రోడ్డు మాత్రం ఉంది.

వెనక నుంచి వచ్చిన వ్యాను పక్కన నెమ్మదించింది. వాలంటీరు కుర్రాడు కిటికీలోంచి తల పెట్టి, "బైఠ్ జాయియే అంకుల్‌జీ. సబ్ పహుంచ్ గయే. అందరూ వచ్చీసేరు," అన్నాడు.

"మేం రాలేదు కదా బాబూ. ఇంకా ఇద్దరం ఉన్నాం. ఎళ్లు ఎళ్లు," అన్నాడు సత్యారావు.

మైదానం గేటు కనబడేసరికి రెండు గంటల ఎనిమిది నిమిషాలు. సింహాచలమ్మ మోకాలు పట్టుకుని ఆగింది.

"నువ్వు ముందెళ్లు అన్నియ్యా. నాను ఎనకొస్తాను."

"ఏడేళ్ల నుంచి ఆఖరి నంబరు నాది. ఇప్పుడు లాక్కుంటావా? నువ్వే నడు."

"నీకింత పౌరుషమేటి, ఆఖరు కోసం!" అంటూ నవ్వుతూనే ఆమె కుంటి పరుగుతో గేటులోకి వెళ్లింది. ఆమె బిళ్ల తిప్పుకునేదాకా సత్యారావు గేటు బయటే ఆగాడు. తర్వాత లోపలికి అడుగు పెట్టాడు.

నూట పది మందీ లేరు. చాలామంది మెడల్స్ వేసుకుని ఫోటోలు దిగి ఇళ్లకి వెళ్లిపోయారు. నలభై మంది దాకా మిగిలారు. అందులో సగం మంది పోహా కోసమే ఉన్నారేమో కూడా. కానీ ఆయన్ని చూడగానే ఎవరో ప్లేటు మీద చెంచాతో కొట్టారు. ఇంకొకరు "మాల్‌గాడీ ఆ గయీ! వచ్చీసింది!" అని అరిచారు. ఆ అరుపులో వెక్కిరింత లేదు. చప్పట్లు మొదలై గేటు దగ్గర నుంచి పంపు గది దాకా ఆయనతో పాటే నడిచాయి.

బోర్డు పక్కన కుర్చీలో అపర్ణ కూర్చుని ఉంది. ఆడవాళ్లలో మొదటి మెడల్ ఆమెదే. అది మెడలో లేదు, ఒడిలో ఉంది. మొహం గేటు వైపు తిరిగే ఉంది. నల్లద్దాల తాతబ్బాయి పక్కన నిలబడి, "గంట దాటిందిరా సత్యారావూ. అమ్మాయి ఆ గేటు మీంచి కళ్లు తియ్యలేదు. నీళ్లిస్తే కూడా చూడకుండానే తాగింది," అన్నాడు.

బోర్డు మీద ఒక్కటే ఎర్ర బిళ్ల. సత్యారావు చెయ్యెత్తాడు. చెమట పట్టిన వేళ్ల నుంచి మొదటిసారి బిళ్ల జారింది. అపర్ణ లేచి వచ్చింది. ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె బిళ్ల ముట్టుకోలేదు. బోర్డు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆయన రెండోసారి తిప్పాడు.

"వచ్చేనమ్మా," అన్నాడు.

అపర్ణ కళ్లు నిండాయి. "చూసేను నాన్నా. గేటు దగ్గర నుంచే చూసేను." తర్వాత ముక్కు చీదుకుని, "పోహా దింపకండి అని చెప్పేను. ఇంకా పొయ్యి మీదే ఉన్నాది. తిను," అంది.

పోహా వేడిగా ఉంది. అడుగున కొంచెం మాడింది. సత్యారావు రెండు ప్లేట్లు తిన్నాడు. ఇక మీదట బోర్డుకి తాళం వేసేది ఆఖరున వచ్చినవాళ్లేనని తాతబ్బాయి అక్కడికక్కడే ప్రకటించాడు. ఎవరూ కాదనలేదు.

ఆ రోజు మహేశ్‌కి డ్యూటీ లేదు. అపర్ణకీ వారపు సెలవు. ముగ్గురూ వంకాయ కూర, చారు వేసుకుని ఒక్కసారే తిన్నారు. మహేశ్ రెండుసార్లు అన్నం కలుపుకున్నాడు. అపర్ణ హాస్టల్లో ఉన్న కూతురికి ఫోన్ చేసి తాతగారి టైము చెప్పి నవ్వింది. మాటల మధ్యలో సత్యలక్ష్మి వంకాయలో ఆవ పెట్టేదని ఎవరో అన్నారు. ఆ పేరు ఆ ఇంట్లో అంత మామూలుగా పలికి చాలా ఏళ్లయింది.

తొమ్మిదిన్నరకి వాళ్లిద్దరూ పడుకోవడానికి లేచారు. సత్యారావు వసారాలో ఒక నిమిషం నిలబడ్డాడు. గేటు, గేటు పక్కన స్కూటరు, ఖాళీగా ఉన్న రోడ్డు. ఎక్కడో చరోదా వైపు ఒక గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు సన్నగా వినిపించి, ఆఖరి వ్యాగన్‌తో ఆగిపోయింది.

ఆయన లోపలికి వచ్చాడు. పడుకున్నవాళ్లకి వినిపించకుండా తలుపు మెల్లిగా దగ్గరికి వేసి, గడియ పెట్టాడు. మళ్లీ తియ్యలేదు.